కొండ చుట్టూ గోడ ఉంటే అది కోటేనా?

శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలంలో రొట్టవలస దగ్గర పొలాల మధ్య ఎత్తైన మట్టికట్ట ఒకటి చాలా దూరం సాగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి అది దంతవక్త్రుని కోట. బౌద్ధ గ్రంథాల్లో కళింగుల రాజధానిగా కనిపించే దంతపురం ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో ఇక్కడ బౌద్ధ అవశేషాలు, పాత కుండ పెంకులు బయటపడ్డాయి. కానీ ఆ కట్ట దగ్గర నిలబడినవాళ్ళకి ముందు గుర్తొచ్చేది బుద్ధుడు కాదు, యుద్ధం. అందులో ఆశ్చర్యం లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కోట అంటే 1757 జనవరి 24న తగలబడిన బొబ్బిలి కోట, 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన జరిగిన విజయనగరం కోట. రాజు, సైన్యం, బురుజులు, ఫిరంగులు. ఆ కథలు వింటూ పెరిగిన మనకి గోడ కనిపిస్తే దాని అవతల శత్రువు కూడా కనిపిస్తాడు.

ఈ ఊహని అలాగే నాలుగైదు వేల ఏళ్ళ వెనక్కి, రాజులూ రాతా లేని కాలానికి తీసుకెళ్ళినప్పుడే చిక్కు మొదలవుతుంది. ప్రపంచంలో చాలా చోట్ల ఆ కాలపు మనుషులు కొండ నెత్తిన చదును చేసుకుని, చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టినే కట్టగా పోశారు. వాటిని పుస్తకాలు గిరిదుర్గాలనీ కొండకోటలనీ రాస్తాయి. కట్టినవాళ్ళు ఎందుకు కట్టారో రాసిపెట్టలేదు. ఇప్పుడు మిగిలింది కట్ట, కందకం, లోపలి నేల. వీటిలో పైకి కనిపించేది కట్ట ఒక్కటే కాబట్టి జవాబు కూడా దాని నుంచే లాగాలనిపిస్తుంది. అలా లాగి ఎంత పెద్ద పురావస్తు శాస్త్రవేత్తలు ఎలా దారి తప్పారో చూస్తే ఈ చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

అందుకు ఇంగ్లండ్ దక్షిణాన డోర్సెట్‌లో ఉన్న మెయిడెన్ క్యాసిల్ దాకా వెళ్ళాలి. అంత దూరం ఎందుకంటే, దాన్ని తవ్విన మార్టిమర్ వీలరే 1944లో భారత పురావస్తు శాఖకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చాడు. నేలను పొరలు పొరలుగా, గళ్ళు గళ్ళుగా తవ్వడం ఇక్కడివాళ్ళకి నేర్పింది ఆయనే. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిని ఆయన తవ్వాడు. మరుసటి ఏడాది భువనేశ్వర్ దగ్గర శిశుపాల్‌గఢ్ కోటను తవ్విన బి.బి. లాల్ ఆయన శిష్యుడే. కళింగ నేలలోని కోటలను చదివే పద్ధతి మనకి డోర్సెట్ కొండ మీదుగా వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

మెయిడెన్ క్యాసిల్ ఒక్కరోజులో కట్టింది కాదు. క్రీస్తు పూర్వం 3600 ప్రాంతంలో, నవీన శిలాయుగంలో, ఆ కొండ మీద మొదటి కందకం తవ్వారు. తర్వాత దాని మీదుగా దాదాపు అర కిలోమీటరు పొడవున ఒక మట్టిదిబ్బ పోశారు. ఆ పైన చాలా శతాబ్దాలు ఆ కొండని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇనుప యుగంలో, క్రీ.పూ. 600 ప్రాంతంలో 16 ఎకరాల చుట్టూ కట్ట లేచింది. నూట యాభై ఏళ్ళ తర్వాత దాన్ని 47 ఎకరాలకు పెంచారు. కట్ట వెనక కట్టగా, ద్వారాల దగ్గర మెలికలు తిరిగే దారులతో, చూసేవాడికి దడ పుట్టేలా తయారైంది.

వీలర్, ఆయన భార్య టెస్సా కలిసి 1934 నుంచి 1937 దాకా అక్కడ తవ్వారు. పని ముగియక ముందే, 1936లో టెస్సా చనిపోయింది. తూర్పు ద్వారం దగ్గర 52 మంది ఎముకలు దొరికాయి. వాళ్ళలో కొందరి పుర్రెల మీద కత్తివేట్లు, ఒకరి వెన్నెముకలో గుచ్చుకుపోయిన ఇనుప ములుకు. పక్కనే కాలిన పొర. ద్వారం దగ్గర గుంతలో సముద్రపు ఒడ్డు నుంచి ఏరుకొచ్చిన వడిసెల రాళ్ళు 20,000కు పైగా. క్రీ.శ. 43లో రోమన్ సైన్యం బ్రిటన్ మీద దిగింది. తర్వాత చక్రవర్తి అయిన వెస్పాసియన్ అప్పుడు సేనాని, ఆ ప్రాంతంలో ఇరవైకి పైగా కోటలు పట్టుకున్నాడని రోమన్ చరిత్రలో ఉంది. వీలర్ వీటన్నిటినీ కలిపాడు. రోమన్లు ముట్టడించారు, తలుపులు పగలగొట్టారు, ఆడా మగా చూడకుండా నరికారు, ఆ రాత్రి బతికినవాళ్ళు చనిపోయినవాళ్ళని హడావుడిగా పూడ్చారు. ఈ కథ పత్రికలకెక్కింది, పాఠ్యపుస్తకాలకెక్కింది. యాభై ఏళ్ళు ఎవరూ కదపలేదు.

1985, 86లలో నీల్ షార్పుల్స్ మళ్ళీ తవ్వినప్పుడు బీటలు కనిపించాయి. రోమన్లు రావడానికి దాదాపు నూట యాభై ఏళ్ళ ముందే, క్రీ.పూ. 100 నాటికే కొండ మీది జనం చాలావరకు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ద్వారం దగ్గరి కాలిన పొర ఇనుము కొలిమిల బొగ్గు కూడా కావచ్చు. సమాధులు హడావుడిగా తవ్వినవి కావు. చాలామంది పక్కన కుండలూ మాంసమూ పెట్టి పద్ధతిగా పూడ్చారు. గాయాల్లో కొన్ని చనిపోయే ముందే మానినవి. ఎముకల్లో మిగిలిన కార్బన్‌ని కొలిచి వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పద్ధతిలో 2025లో వెలువడిన తేదీలు మిగతా అనుమానం కూడా తీర్చాయి. ఆ మరణాలు ఒక్కరోజువి కావు, క్రీస్తు పూర్వం చివరి దశాబ్దాల నుంచి క్రీస్తు శకం తొలి దశాబ్దాల దాకా విడివిడిగా జరిగినవి. హింస నిజం, గాయాలు నిజం. కానీ చంపింది రోమన్ సైన్యం అనడానికి ఆధారం లేదు. స్థానికుల మధ్య గొడవలే ఎక్కువ పొసుగుతాయి.

మనకి ఇంకా దగ్గరగా తగిలే విషయం ఒకటుంది. వీలర్ 1946లో హరప్పాలో పెద్ద ప్రాకారం చూశాడు. మొహెంజొదారోలో అంతకు ముందే వీధుల్లో అస్థిపంజరాలు దొరికి ఉన్నాయి. ఋగ్వేదంలో ఇంద్రుడు పురాలను బద్దలు కొట్టేవాడు. గోడ, ఎముకలు, రాతలో ఒక యుద్ధవీరుడు: డోర్సెట్‌లో కలిపినట్టే ఇక్కడా కలిపి, నేరం ఇంద్రుడి మీద, అంటే ఆర్యుల దండయాత్ర మీద మోపాడు. 1964లో జార్జ్ డేల్స్ అనే అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త ఆ అస్థిపంజరాల లెక్క తీసి, అవి ఒకే పొరలోవి కావని, ఊచకోత అనేది కల్పన అని చూపించాడు. ఎముకల మీద కూడా ఊచకోతకు తగినన్ని గాయాలు కనిపించలేదు. ఆ ప్రాకారాలు వరదను ఆపడానికీ, ఎత్తు చేసిన అరుగుల మట్టి జారకుండా పట్టడానికీ కూడా పనికొచ్చాయని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. మన తరగతి గదుల్లో మాత్రం ఆ దండయాత్ర ఇంకా చాలాకాలం నడిచింది. గోడని తప్పుగా చదివితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. వీలర్ నేర్పిన తవ్వకం పద్ధతి గొప్పది. ఆయన కథ తప్పని తేల్చినవాళ్ళు కూడా పొరలు విడదీసే ఆ పద్ధతిలోనే తేల్చారు.

మరి గోడని ఎలా చదవాలి? ముందు గోడ పూర్తిగా ఉందా అని చూడాలి. బ్రిటన్‌లో క్రీ.పూ. 3700, 3500 మధ్య కొన్ని తరాల్లోనే ఇలాంటి ఆవరణలు డజన్ల కొద్దీ లేచాయి. వాటి కందకాలు ఒకే గీతగా ఉండవు. కొంత దూరం తవ్వి, కొంత నేల వదిలి, మళ్ళీ తవ్వినట్టు ఉంటాయి. చుట్టూ పది ఇరవై చోట్ల నడిచి లోపలికి పోవచ్చు. శత్రువుని ఆపాలనుకున్నవాడు ఇలా తవ్వడు. ఒక్కో ముక్కని ఒక్కో కుటుంబమో వంశమో తవ్వి ఉంటుందని, తవ్వడానికి జనం కలవడమే దాని అసలు ప్రయోజనమని చాలామంది పరిశోధకులు అంటారు. కందకాల అడుగున విందుల్లో తిన్న పశువుల ఎముకలు, కావాలని పగలగొట్టిన కుండలు దొరుకుతాయి. డోర్సెట్‌లోనే హాంబుల్డన్ కొండను రోజర్ మెర్సర్ 1974 నుంచి 1986 దాకా తవ్వితే, కందకం అడుగున వరసగా పెట్టిన మనుషుల పుర్రెలు కనిపించాయి. చచ్చినవాళ్ళని అక్కడికి తెచ్చేవాళ్ళు. ఏడాదిలో కొన్నాళ్ళు జనం చేరి, పశువులు మార్చుకుని, పెళ్ళిళ్ళు కుదుర్చుకుని, పెద్దలకి చేయవలసినవి చేసి దిగిపోయే చోటు అది. పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరం నిండిపోయి, ఆ తర్వాత ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయినట్టే అనుకోవచ్చు.

అయితే అదే హాంబుల్డన్‌లో తర్వాతి కాలంలో ఛాతీలో రాతి బాణపు మొన దిగి పడిపోయిన యువకుడు కూడా దొరికాడు. గ్లాస్టర్‌షైర్‌లోని క్రిక్‌లీ కొండ మీద ద్వారాల చుట్టూ 400కు పైగా చెకుముకి రాతి బాణపు మొనలు పరుచుకుని ఉన్నాయి, కంచె కాలిపోయి ఉంది. అక్కడ మొదట ముక్కలు ముక్కల కందకమే ఉండేది. చివరి దశలో దాన్ని లోతుగా, తెగకుండా తవ్వి ద్వారాలు తగ్గించారు. ఆ తర్వాతే దాడి జరిగింది. అందుకని యుద్ధం లేదనడం కూడా తప్పే. ఒకే కొండ ఒక తరంలో తిరునాళ్ళ చోటు, మూడు తరాల తర్వాత తలదాచుకునే చోటు అయింది. ‘ఇది దేనికి?’ అని అడిగే ముందు ‘ఎప్పుడు?’ అని అడగాలి. చాలా వాదాలు ఈ రెండో ప్రశ్న అడగనందువల్లే ఏళ్ళ తరబడి సాగాయి.

రెండోది నీళ్ళు. ముట్టడిలో గోడ కన్నా ముందు అయిపోయేది నీరు. దక్షిణ ఇంగ్లండ్ సుద్దకొండల మీద ఊటలు ఉండవు, అక్కడి కోటల్లో చాలావాటికి లోపల బావి లేదు. వాన నీరు పట్టుకోవాలి, లేదా కింద నుంచి మోయాలి. పశువులతో సహా ఊరంతా అందులో వారం పది రోజులకు మించి బతకడం కష్టం. అంటే అవి దీర్ఘ ముట్టడికి కట్టినవి కావు. మందలని ఎత్తుకుపోవడానికి వచ్చే దొంగమూకలని ఒకటి రెండు రోజులు ఆపడానికైతే సరిపోతాయి. మన దగ్గర కొండ మీద స్థిరంగా ఉండాలనుకున్నవాళ్ళు ముందు నీటి సంగతే చూసుకున్నారు. రామతీర్థం బోడికొండ మీది కోనేరుని ఆ కంటితో చూస్తే అర్థమవుతుంది.

మూడోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, పాతరలు. హాంప్‌షైర్‌లోని డేన్‌బరీ కోటని బారీ కన్‌లిఫ్ 1969 నుంచి 1988 దాకా, ఇరవై ఎండాకాలాలు తవ్వాడు. విస్తీర్ణం 12 ఎకరాల పైచిలుకే. అందులో సగానికి పైగా తవ్వితే వేల కొద్దీ గుంతలు బయటపడ్డాయి. మనిషి లోతున, మూతి ఇరుకుగా, కింద వెడల్పుగా ఉన్న గుంతలు. ఇవి ధాన్యం పాతరలు. తడిగా ఉండే ఆ దేశంలో నేలలో దాచిన గింజ కుళ్ళిపోదా అని అనుమానం రావడం సహజం. పీటర్ రేనాల్డ్స్ అనే ఆయన 1970లలో బట్సర్ అనే చోట ప్రాచీన పద్ధతిలో పొలం పెట్టి, అలాంటి గుంతలే తవ్వి, బార్లీ, గోధుమ నింపి, మట్టితో మూతి బిగించి చూశాడు. గోడకి తగిలే గింజలు తేమ పీల్చి మొలకెత్తుతాయి. ఆ మొలకలు లోపలి గాలిలోని ఆక్సిజన్‌ని వాడేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. దాంతో మిగతా గింజ నిద్రపోతుంది, పురుగు పట్టదు. చలికాలం దాటాక తెరిస్తే టన్నుకు పైగా ధాన్యం చెక్కుచెదరకుండా, విత్తనంగా మొలకెత్తే స్థితిలో ఉంది.

పాతర గురించి మన రైతులకి వేరే చెప్పక్కర్లేదు. తెరిచాక మళ్ళీ మూసి దాచుకునేది కాదది, గాలి తగిలాక గింజ నిలవదు. ఒక్కసారే తీసి వాడెయ్యాలి. ఇంటి తిండికి రోజూ తీసుకోవాలంటే పురో గాదో కావాలి, పాతర పనికిరాదు. అందుకే డేన్‌బరీ పాతరల్లో ఎక్కువ భాగం విత్తనానికో, పెద్ద విందుకో దాచినవని తర్కం. చుట్టూ ఉన్న పల్లెల వచ్చే ఏడాది పంటంతా ఆ కొండ మీద ఉందన్నమాట. దాని చుట్టూ కట్ట ఎందుకు పోశారో ఇప్పుడు వేరేగా అర్థమవుతుంది. మనుషుల ప్రాణం కన్నా ముందు విత్తనాన్ని కాపాడుకోవడం అందులో ఉంది. ఖాళీ అయిన పాతరల అడుగున గుర్రపు తలలు, పెద్ద కాకులు, కొన్నిచోట్ల మనుషుల శరీరాలు కూడా పెట్టి పూడ్చారు. నేల దాచి ఇచ్చినదానికి తిరిగి ఏదో చెల్లించినట్టు. కోటలోని ఇళ్ళు బయటి పల్లెల ఇళ్ళ కన్నా గొప్పగా ఏమీ లేవు. దొర ఇల్లు ఇదీ అని చెప్పగలిగినది ఒక్కటీ తేలలేదు. దొర ఉండి అందరి ధాన్యం పోగేసి పంచేవాడని కన్‌లిఫ్ మొదట్లో అన్నాడు. తర్వాతివాళ్ళు, అది నలుగురూ కలిసి పెట్టుకున్న ఉమ్మడి చోటు అన్నారు. సాక్ష్యం రెండో మాట వైపే ఎక్కువ మొగ్గుతుందని నా ఉద్దేశం. క్రీ.పూ. 100 ప్రాంతంలో దాని ద్వారం కాలిపోయింది, ఊరు ఖాళీ అయింది.

గోడ చూపించుకోవడానికి కూడా కడతారు. జర్మనీలో డాన్యూబ్ ఒడ్డున హోయ్‌నెబుర్గ్ అనే కొండ మీద క్రీ.పూ. 600 ప్రాంతంలో పచ్చి ఇటుకలతో ప్రాకారం కట్టి తెల్లగా పూశారు. అది మధ్యధరా సముద్రం ఎండకి సరిపోయే పద్ధతి. ఆ వానల దేశంలో అలాంటి గోడ ఎవరికీ లేదు. దక్షిణాది వర్తకులతో మాకు సంబంధం ఉందని నది మీద పోయే ప్రతివాడికీ చెప్పడమే దాని పని. అరవై డెబ్బై ఏళ్ళకి అది కాలిపోతే మళ్ళీ ఇటుక జోలికి పోలేదు, పాత పద్ధతిలో మట్టీ కలపతోనే కట్టుకున్నారు.

ఇక మన దక్కన్. బళ్ళారి దగ్గర సంగనకల్లులో నవీన శిలాయుగపు రైతులు గ్రానైట్ కొండల నెత్తిన ఇళ్ళు కట్టుకుని శతాబ్దాల పాటు ఉన్నారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకున్నారు. పక్క కొండ మీద రాతి గొడ్డళ్ళు గుట్టలుగా చెక్కారు. అక్కడ పెద్ద ప్రాకారం ఏదీ లేదు. కృష్ణా నదికి దగ్గరలో ఉట్నూరు బూదిదిబ్బని 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు కంచె గుంజలు పాతిన గుంటలు, ఆ మధ్య నేల మీద పశువుల గిట్టల గుర్తులు దొరికాయి. పేడ పోగుపడి, ఎప్పటికప్పుడు కాల్చగా దిబ్బ అయింది. అంటే మన దగ్గర కొండ ఎక్కినవాళ్ళు గోడ కట్టుకోలేదు, గట్టి కంచె కట్టినవాళ్ళు పశువుల కోసం కట్టారు. ఎత్తు, ఆవరణ అనేవి రెండు వేరు వేరు అవసరాలు. యూరప్ కోటలని చూసిన కళ్ళకి అవి ఎప్పుడూ కలిసే ఉంటాయనిపిస్తుంది, దక్కన్ ఆ భ్రమ పోగొడుతుంది.

వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. 1919లో గిడుగు రామమూర్తి గారు దాన్ని వెలుగులోకి తెచ్చారు. కొండ పొడవునా మెట్ల దారి, స్తూపాలు, చైత్యాలు, గోడల పునాదులు. క్రీ.పూ. రెండో శతాబ్దం నుంచి వెయ్యేళ్ళకు పైగా అక్కడ బౌద్ధం నిలిచింది. ఒకవేళ శాసనాలూ, బౌద్ధ దేవతలైన తార, మరీచి విగ్రహాలూ దొరక్క, నదికి ఎదురుగా ఎత్తు మీద రాతి గోడలు మాత్రమే మిగిలి ఉంటే? కళింగపట్నం రేవునీ నదినీ కాపలా కాసే దుర్గం అని రాసేవాళ్ళం. ఎవరూ తప్పు పట్టేవారు కూడా కాదు.

ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో బృహత్ శిలా సమాధులు ఉన్నాయి. అందులో ఒకదాని పైకప్పు ఒకే బండ, 36 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల మందం. నిండు పలకగా లెక్కేస్తే 70 టన్నుల పైమాటే. దాన్ని ఎత్తి నిలువు రాళ్ళ మీద పెట్టడానికి ఒక ఊరు చాలదు. చాలా ఊళ్ళు ఒక మాట మీద కలవాలి, వచ్చినవాళ్ళకి రోజుల తరబడి తిండి పెట్టాలి, అందుకు ముందే ధాన్యం దాచి ఉండాలి. మెయిడెన్ క్యాసిల్ కట్టల వెనక ఏ బలం ఉందో ఈ బండ వెనక కూడా అదే ఉంది. ఇక్కడ వాళ్ళు దాన్ని గోడ మీద కాక పెద్దల సమాధి మీద ఖర్చు పెట్టారు.

ఆ సమాధి కట్టినవాళ్ళ ఊళ్ళని వెతకాలంటే గోడల కోసం చూస్తే సరిపోదు. చుట్టుపక్కల మెట్టల్లో, చెరువు పూడిక తీసిన చోట, కొత్త రోడ్డు కోసం కొండ వాలు కోసిన చోట మట్టి రంగు చూడాలి. ఎర్రమట్టిలో గుండ్రంగా, కింద వెడల్పుగా నల్లటి మచ్చ కనిపిస్తే అది పూడిన పాతర కావచ్చు. లోపల నలుపు, మూతి దగ్గర నలుపు, బయట ఎరుపు ఉన్న కుండ పెంకులు ఆ మచ్చలో ఉంటే ఇనుప యుగం నాటిదై ఉండే అవకాశం ఎక్కువ. పెంకుని తీసి జేబులో వేసుకుంటే ఆ మచ్చకీ దానికీ ఉన్న సంబంధం తెగిపోతుంది. పక్కన స్కేలో పెన్నో పెట్టి, మట్టి పొర కూడా పడేలా ఫోటో తీసి, చోటు గుర్తు రాసుకుని జిల్లా పురావస్తు అధికారులకు పంపాలి. మన టెక్కలి వైపు గ్రానైట్ కోసం కొండల్ని కోస్తున్నప్పుడు ముందు తొలగించేది రాయి కాదు, పైనున్న ఆ మూడు నాలుగు అడుగుల మట్టినే. ఇళ్ళ నేలలు, పొయ్యిలు, పాతరలు ఉండేది ఆ మట్టిలోనే కాబట్టి, క్వారీకి అనుమతి ఇచ్చే ముందు కొండ నెత్తిన ఒక్కసారైనా పురావస్తు సర్వే చేయించమని గ్రామసభలో అడగాలి.